కన్ను మూసిన బొట్టు

నేను ఒక బొట్టుబిళ్ళను. మెరూన్ రంగు మఖమల్ గుడ్డ, శనగబద్దంత సైజు, వెనక కాస్త జిగురు. నాతోపాటు అట్టమీద పదకొండుమంది ఉండేవారు. పైడమ్మ నన్ను పగలు నుదుట పెట్టుకునేది, పడుకోబోయే ముందు బీరువా అద్దానికి అంటించేది. ఒకసారి అలాగే అంటించి ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఆమె మొగుడు సన్యాసిరావు ఆ అద్దాన్ని ఎవరినీ తుడవనివ్వలేదు. ఆమె నుదుట ఉన్నన్నాళ్ళు నన్ను కన్నెత్తి చూడని మనిషి, ఇప్పుడు రోజూ నాకేసి చూస్తూ తల దువ్వుకునేవాడు. మనుషులింతే.

ఒక మధ్యాహ్నం ఆరేళ్ళ మనవరాలు లాస్య నన్ను గోటితో ఊడదీసింది. తాత ఫోను పైభాగంలో చిన్న కెమెరా కన్ను ఉంటుంది. దానిమీద నన్ను అంటించి ఫోన్లో ఆట మొదలుపెట్టింది. గాజు వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన నుదురులా. పైడమ్మ మళ్ళీ వచ్చిందనుకున్నాను. ఆ వెచ్చదనంలో తేలిపోయాను.

ఫోను కింది భాగం నుంచి ఒక గొంతు వినిపించింది. తియ్యగా ఉంది. ఆటలో పరిచయమైన మనిషట.

"ఏ బడి పాపా?"

లాస్య చెప్పింది.

"మీ ఇల్లెక్కడ?"

"రైలు గేటు దాటినాక..."

అప్పుడే సన్యాసిరావు ఖాళీ అద్దం చూసి ఊగిపోతూ వచ్చాడు. "మామ్మ బొట్టు తియ్యమన్నదెవులే?"

"తెలీనోలకి మొకం సూపించొద్దని టీచరన్నాది తాతా. అందుకే కన్ను మూసీసేను. ఇంక ఈ మావయ్యకి నానెక్కడున్నానో తెలీదు."

"గేటు దాటి ఎటు పాపా?" అంది గొంతు.

ముసలాడి చెయ్యి గాలిలో ఆగింది. ఫోను లాక్కున్నాడు. "ఎవుడ్రా నువ్వు?"

గొంతు మాయమైంది.

"కన్ను మూసేవు సరే. నోరు?" అన్నాడు. లాస్య రెండు చేతులతో నోరు మూసుకుంది. అంతవరకు ఆ పిల్లకి అది తట్టనే లేదు.

సాయంత్రం లాస్య తల్లి వచ్చి ఆ ఆట తీసేసింది. సన్యాసిరావు నన్ను ఊడదీసి అద్దం దాకా వెళ్ళాడు. అంటించలేదు. మళ్ళీ వచ్చి, ఫోను కన్నుమీదే బొటనవేలితో నొక్కి పెట్టాడు.

"కన్నుకి మామ్మ కాపలా. నోటికి నాను," అన్నాడు.

ఇప్పుడు పిల్ల ఫోను పడితే పక్కనే కూర్చుంటాడు. పైడమ్మ పక్కన అంతసేపు ఏనాడూ కూర్చోలేదు. నా జిగురు ఎండిపోతోంది. అంచు లేచినప్పుడల్లా ఆ బొటనవేలు వచ్చి నొక్కుతుంది. వెచ్చగా ఉంటుంది.