గట్టిగా చదివిన జాబితా

మూడో బొరియలో కూడా రాళ్లు కుక్కారని తెలిసిన రోజున, ప్రూఫురీడరుకి మొట్టమొదట అనుమానం వచ్చింది సొంత బావ మీద.

నదిలోయలో ఆనకట్ట వద్దని అర్జీ పెట్టిన సంఘంలో ఉన్నది నలుగురే: ప్రూఫురీడరు, అతని అక్క మొగుడు, ఆసుపత్రి నర్సు, పడవ నడిపే తాత. గురువారం అధికారి తనిఖీకి వస్తున్నాడు. నీటికుక్కలు కాపురముంటున్న బొరియ ఒక్కటైనా కళ్లారా చూస్తే పనులు ఆపిస్తానన్నాడు. చూడకపోతే శుక్రవారం లోయలోకి టిప్పర్లు దిగుతాయి. బొరియలు ఎక్కడెక్కడున్నాయో ప్రూఫురీడరు జాబితా తయారుచేసి ముగ్గురికీ ఇచ్చాడు. అందులో రాసిన వరసలోనే, ఒకదాని తర్వాత ఒకటి, ఎవరో పూడ్చుకుంటూ వస్తున్నారు.

అంటే ముగ్గురిలో ఒకరు.

ఇరవయ్యారేళ్లుగా తప్పులు వెతకడమే అతని ఉద్యోగం. పేజీలో తప్పు కనబడకపోతే తప్పు లేదనుకోడు, తనకి దొరకలేదనుకుంటాడు. మనుషుల్నీ అలాగే చదువుతాడు.

“బూట్లు కొత్తవా బావా?” అన్నాడు, బావ ఇంటి వరండాలో కూర్చుని.

“పాతవాటికి నోళ్లు తెరుచుకున్నాయిరా. నీ నోరు లాగే, ఎన్నిసార్లు కుట్టించినా మూతపడలేదు.”

నవ్వాడు గాని, ఆ బూట్ల అంచున ఒడ్డుమట్టి ఉండటం గమనించాడు. అదే మట్టి తన చెప్పులకీ ఉందని ఇంటికెళ్లి విప్పేదాకా తట్టలేదు. నర్సు చిన్న డైరీలో ఏదో రాసుకుంటూ, తను అటు చూడగానే మూసేసింది. తాతయితే అసలు మాట్లాడడు. మాట్లాడని మనిషి లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు?

శనివారం మధ్యాహ్నం ప్రెస్సులో మూడు కొత్త జాబితాలు తయారుచేశాడు. ఒక్కోదాని చివర ఒక్కో అబద్ధం చేర్చాడు. బావ కాగితంలో పంపుహౌసు వెనక, నర్సు కాగితంలో వంపు దగ్గరి ఇసుకదిబ్బ, తాత కాగితంలో కూలిన చెట్టు వేళ్ల కింద. అక్కడ బొరియల్లేవు. ఎవరి కాగితంలోని చోట రాళ్లు పడితే వాళ్లే దొంగ. ఎప్పటిలాగే అచ్చుతప్పులు చూసి, ఆదివారం పంచిపెట్టాడు.

మంగళవారం తెల్లవారుతూనే పంపుహౌసు వెనక్కి వెళ్లాడు. రాళ్లు ఉన్నాయి.

బావే! అక్క మొహం ఎలా చూడటం? అయినా, ఒక తప్పు దొరగ్గానే పేజీ వదిలేసే అలవాటు లేదు గనక వంపు దాకా నడిచాడు. ఇసుకదిబ్బ మీదా రాళ్లే. కూలిన చెట్టు దగ్గరా అంతే. బొరియ లేని ఉత్త నేలమీద ఎవరో శ్రద్ధగా రాళ్లు పేర్చి వెళ్లారు.

వాటిమీదే కూలబడ్డాడు. ఈ మూడు చోట్లూ తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడి చెప్పులు తన కాళ్లకే ఉన్నాయి. నేను ఎవరికి చెప్పాను? ఎప్పుడు? తనకి తెలియకుండా తనలో మరొకడు తిరుగుతున్నాడా అనిపించి, అరచేతులు తిప్పి చూసుకున్నాడు, రాతిపొడి అంటిందేమోనని.

సాయంత్రం బావ ఇంటి వరండాలో మూడు కాగితాలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి.

“అన్నయ్యా, ఇసుకదిబ్బ దగ్గర బొరియ ఆనవాలే లేదు. ఉత్త రాళ్లున్నాయి,” అంది నర్సు. “వీళ్ల కాగితాల్లో అసలు ఇసుకదిబ్బే లేదు. ఎందుకిలా చేశారు?”

“మనకి పరీక్ష పెట్టాడమ్మా,” అన్నాడు బావ. “పాసయ్యామా మాస్టారూ? లేకపోతే మళ్లీ రాయాలా?”

“నా మాట వినండి, మూడుచోట్లా పూడ్చారు. నాకూ అర్థం కావడం లేదు. ఇదిగో...” అంటూ కాగితం అందుకున్నాడు. “ఎనిమిది, ఫుల్‌స్టాప్. పంపుహౌసు వెనక, కామా, మెట్లకి ఎడమవైపు, ఫుల్‌స్టాప్...”

తాత అంతసేపటికి నోరు విప్పాడు. “నాయనా, ప్రెస్సులోనూ ఇలాగే చదువుతావా?”

ప్రూఫురీడరు కాగితం కిందికి దించాడు. గట్టిగా చదవకపోతే కన్ను తప్పుని దాటేస్తుందని, కామాలతో సహా పైకి చదవడం అతని వృత్తి. ప్రెస్సులో అతనికి ఎదురుగా ఉన్న బల్లమీద ఆనకట్ట కాంట్రాక్టరు గుమాస్తా కూర్చుంటాడు. అక్కడ అచ్చువేయించిన టిప్పర్ల చీటీ పుస్తకాల్లో ఏదో తప్పుందంటూ రెండు వారాలుగా రోజూ వస్తున్నాడు. అందరినీ అనుమానించాడు గాని, ఆ గుమాస్తా మొహం ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

“నేనే,” అన్నాడు.

ఎవరూ ఓదార్చలేదు. తాత నర్సు చేత బొరియల జాబితా ఒకటి రాయించి, అతని చేతిలో పెట్టాడు. “రేపు ఇది చదువు. రోజూ చదివినట్టే.”

“ఇవి ఉత్తుత్తివేనా తాతా?”

“నీకెందుకు? చదవడం నీ పని.”

బుధవారం గుమాస్తా వచ్చి బల్లమీద కూర్చున్నాడు. ప్రూఫురీడరు మొదలుపెట్టాడు. నాలుగో వరుసలో రేవు పక్క రాతిగుట్ట ఉంది. అక్కడ నీటికుక్కలు తిని వదిలిన చేపపొలుసులు ఒకప్పుడు తనే స్వయంగా చూశాడు. తాత పొరబడ్డాడా? లేక తన మీద పగతో నర్సు కావాలని రాసిందా? ఆ వరుస దాటేస్తే? జీవితంలో ఒక్క వరుస కూడా దాటెయ్యలేదు. ఇప్పుడు దాటేస్తే వాళ్లని మళ్లీ నమ్మనట్టే. “నాలుగు, ఫుల్‌స్టాప్. రాతిగుట్ట...” గొంతు తగ్గించలేదు. గుమాస్తా చీటీ పుస్తకాలు మరిచి లేచి వెళ్లిపోయాడు.

గురువారం అతన్ని వంతెన మీదే ఉండమన్నారు. రేవులో కాంట్రాక్టరు కూలీలు నలుగురు రాతిగుట్ట సందులన్నీ పూడుస్తుంటే, కమ్మీ గట్టిగా పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి బావ వచ్చాడు, మోకాళ్ల దాకా తడిసి, కొత్త బూట్లు చేత్తో పట్టుకుని.

“తల్లి, రెండు పిల్లలు. అధికారి కళ్లారా చూశాడురా. పనులు ఆపమని అక్కడే రాసిచ్చాడు.”

“మరి రాతిగుట్ట?”

“పోయినేడాదే ఖాళీ చేసి పోయాయట. తాత చెప్పాడు.”

ఎక్కడ చూశాడని అడగబోయి, నోరు మూసుకున్నాడు.

“అడగవేంరా?”

“గట్టిగా అడుగుతానేమోనని.”

బావ పకపకా నవ్వాడు. ఎక్కడో మాత్రం చెప్పలేదు.