చీటీ లేని శనివారం

మెమరీ ముక్కను ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, దాని అంచున బంగారు రంగులో మెరిసే పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతున్నాడు మెకానిక్. కింది నుంచి పైకి మాత్రమే రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే రబ్బరు పొట్టు సందుల్లో ఇరుక్కుంటుంది. పన్నెండుసార్లు రుద్ది, ఉఫ్‌మని ఊది, కిటికీ వెలుగులో తిప్పి చూసి, దాని గాడిలో టక్కుమనేదాకా నొక్కాడు. ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్న పని ఇది. మొరాయించిన కంప్యూటర్లలో సగం ఈ ఒక్క వైద్యానికే లేచి కూర్చుంటాయి. అందుకే ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అతన్ని రబ్బరు డాక్టరంటారు. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు, అడగలేదని అతను నొచ్చుకున్నదీ లేదు.

మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ముందు పచ్చ దీపం వెలిగింది. లోపలినుంచి ఒకే ఒక్క కూత వినబడింది. ఒక్క కూతంటే ఒంట్లో అంతా కులాసాగానే ఉన్నట్టు లెక్క. ఆ తర్వాత తెర నల్లబడి, ఎడమవైపు పైమూలన చిన్న తెల్లగీత ఒకటి మిగిలింది. అది ఆరుతోంది, వెలుగుతోంది, అంతకుమించి ఒక్క అడుగు ముందుకు వేయడం లేదు.

"పొద్దున్నుంచీ ఆ గీతేనండీ," అంది ఇంటావిడ.

ఆవిడ టెలిఫోన్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఎదురు వీధిలోని ట్యూషన్ సెంటరుకు ప్రశ్నపత్రాలు టైపు చేసిపెడుతుంది. బల్లమీద పిడి విరిగిన కప్పులో ఆవిడ పెన్నులు, పెన్సిళ్ళు పొడుగు వారీగా నిలబెట్టి ఉంటాయి. ఇల్లంతా అదే పద్ధతి.

శనివారం మీరు బాగుచేసి వెళ్ళాక రెండు రోజులు చక్కగా నడిచిందని, మీరు ఆపవద్దన్నారు కాబట్టి ఆపలేదని, నిన్న సాయంత్రం మొదటిసారి ఆపి ఇవాళ పొద్దున మీట నొక్కితే ఇలా అయిందని చెప్పింది. మెకానిక్ తలెత్తి చూశాడు.

"శనివారం ఎవరొచ్చారమ్మా?"

"మీరే."

అతనికి నవ్వొచ్చింది కానీ పైకి నవ్వలేదు. పెద్దావిడ, ఒంటరి మనిషి, రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం సహజమే అనుకున్నాడు. పక్కన ఆనించిపెట్టిన కంప్యూటరు పెట్టె మూతను తిప్పి ఆవిడకు చూపించాడు. లోపలి వైపు వరుసగా చీటీలు అంటించి ఉన్నాయి. ఏ ఇంటికి వెళ్ళినా, పని చిన్నదైనా పెద్దదైనా, తేదీ వేసి, చేసిన పని రాసి, కింద తన ఫోన్ నంబరు వేసి మూతలోపల అంటించడం అతని అలవాటు. మనుషులు మర్చిపోతారు, పెట్టె మర్చిపోదు అంటాడు. ఇక్కడ ఆఖరి చీటీ పోయినేడు మార్చి పన్నెండుది. ఫ్యాను మార్చాను అని ఉంది, తన గుండ్రటి అక్షరాలతోనే.

"నేనొస్తే చీటీ ఉంటుందమ్మా. చీటీ లేదంటే రాలేదన్నమాటే," అన్నాడు మెత్తగా.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాదు అతను. కానీ చీటీల దగ్గర మాత్రం కుందేలుకు మూడే కాళ్ళు.

ఆవిడ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. శనివారం, ఆదివారం, సోమవారం. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టింది. మీరు ఆ కుర్చీలోనే కూర్చున్నారు, కళ్ళజోడు తుడుచుకోవడానికి గుడ్డ కూడా అడిగారు అంది. అంటూ ఉండగానే గొంతు సన్నబడింది. ఒకప్పుడు వందల నంబర్లు నోటిమీద నిలుపుకున్న మనిషి, చీటీ ముఖం చూసి తన నోటిని తానే నమ్మడం మానేసింది.

అప్పుడే ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. రెండు నెలల కిందట ఆవిడ స్టవ్ ఆపడం మర్చిపోయి బయటికి వెళ్ళింది. ఒక్క గిన్నె మాడింది, అంతే. కానీ అప్పటినుంచీ తమ్ముడూ మరదలూ ఆవిడకు మతిమరుపు వచ్చిందనీ, ఒక్కతే ఉండటం మంచిది కాదనీ, ఈ ఇల్లు ఖాళీ చేసి తమ దగ్గరికి వచ్చేయాలనీ రోజూ అదే పాట పాడుతున్నారు. పొద్దున కంప్యూటర్ సంగతి చెప్తూ ఆవిడ శనివారం మాట కూడా చెప్పిందట. మెకానిక్ ఉన్నాడా, ఒకసారి ఇవ్వు అన్నాడు తమ్ముడు.

మెకానిక్ ఫోన్ అందుకుని, శనివారం తాను ఈ ఇంటి గడప తొక్కలేదని చెప్పాడు. చీటీ కూడా లేదని, అడక్కపోయినా, చెప్పాడు. అవతల తమ్ముడు నిట్టూర్చి, ఇంక దాచేదేముంది, సాయంత్రం కారు తీసుకుని వస్తాను, అక్కను బట్టలు సర్దుకోమనండి అన్నాడు. ఆ మాట ఆవిడకు విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ పాత ఫోన్‌లో మాటలు గదంతా వినబడతాయి.

ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది.

మెకానిక్ మళ్ళీ పనిలో పడ్డాడు. నిజం చెప్పడంలో తప్పేముందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు కానీ, బీరువా చప్పుడు విన్నప్పుడల్లా బిగించిన స్క్రూనే మళ్ళీ బిగిస్తున్నాడు. పవర్ సప్లై తీసి తన సంచిలోది పెట్టి చూశాడు. రూపాయి బిళ్ళంత బ్యాటరీ మార్చాడు. హార్డ్ డిస్క్ మీద చెయ్యి వేస్తే లోపల తిరుగుతున్నట్టు తెలుస్తోంది, మీట నొక్కగానే తెరమీద మెరిసి మాయమయ్యే జాబితాలో దాని పేరు కూడా కనబడుతోంది. ఎవర్ని అడిగినా నేను బాగానే ఉన్నానంటున్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. వెనక ప్రింటరు వైరు పీకాడు, స్పీకర్ల వైరు పీకాడు. ఓ మూలన వేలిగోరంత నల్లముక్క ఒకటి మిగిలింది. వైరు లేని మౌస్‌కు ఇలాంటి ముక్కే పెడతారు, ఆ పెట్టిందాన్ని మళ్ళీ ఎవరూ కదపరు. అతనూ కదపలేదు.

తన పెన్‌డ్రైవ్ ఉంటే దాంతో లేపి చూసేవాడు. అది మూడు రోజులుగా కనబడటం లేదు. పొద్దున సంచి బోర్లించి వెతుకుతుంటే భార్య, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఆ జేబుల్లోనే చూసుకోండి అంది. నువ్వే చొక్కాతోపాటు ఉతికేసి ఉంటావని ఆమె మీద విసుక్కుని వచ్చాడు. పనిముట్లు ఇళ్ళల్లో మర్చిపోకుండా అన్నింటిమీదా ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టింది ఆమే. స్క్రూడ్రైవర్ పిడి మీద చుక్క, రబ్బరు మీద చుక్క, పెన్‌డ్రైవ్ కడుపుమీద చుక్క. తన సామాను చూస్తే బొట్టుపెట్టుకుని పేరంటానికి బయల్దేరినట్టుంటుందని అతనే ఎగతాళి చేసేవాడు.

ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. కళ్ళు తుడుచుకుని వచ్చిందని తెలుస్తూనే ఉంది. గ్లాసు పెట్టడానికి చోటు చేస్తూ మెకానిక్ మౌస్‌ను పక్కకు జరిపాడు. దాని వెనకాల వైరు కూడా జరిగింది.

అతను ఆ వైరును చూస్తూ ఉండిపోయాడు. మౌస్‌కు తోక ఉంది. కీబోర్డుకూ తోక ఉంది. మరి వెనక ఆ నల్లముక్క దేనికి?

ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, బల్ల వెనక్కి చెయ్యిపెట్టి, గోటితో ముక్కను లాగాడు. అరచేతిలో వేసుకుని తిప్పాడు. కడుపుమీద ఎర్ర చుక్క.

మీట నొక్కాడు. ఒక్క కూత. తెల్లగీత క్షణం కూడా నిలవలేదు. తెరమీద నీలంరంగు పరుచుకుంది, మూలన ప్రశ్నపత్రాల ఫైళ్ళు బారులు తీరాయి. ఇంతసేపూ కంప్యూటర్ తన సొంత డిస్క్‌ను వదిలేసి ఈ ముక్కలో ప్రాణం వెతుక్కుంటోంది. పెన్‌డ్రైవ్ పెట్టి పనిచేసి, తీయడం మరిచిపోయి వెళ్ళిన వాడెవడో ఇంకొకరిని అడగాల్సిన అవసరం లేదు.

శనివారాన్ని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. ఈ కుర్చీ, ఈ కిటికీ, కళ్ళజోడు తుడుచుకున్న గుడ్డ. ఎంత తవ్వినా ఏమీ తగల్లేదు. మరిచిపోయిన విషయమైతే కనీసం మరిచిపోయానన్న వెలితైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. శుక్రవారం పక్కనే నేరుగా ఆదివారం కూర్చుని ఉంది. చీటీ రాయని రోజంటూ ఇరవై ఏడేళ్ళలో లేదు. అతనికి భయమేసింది. ఇలాంటి భయం ఇంతకుముందు ఎప్పుడూ వేయలేదు.

పిడికిలి మూసుకుని వరండాలోకి వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు.

"శనివారం నేనెక్కడికి వెళ్ళాను?"

ఆమె నెమ్మదిగా, "టెలిఫోన్ మేడంగారింటికండీ. వచ్చాక మీరే చెప్పారు. మర్నాడు ఆ మాటెత్తితే, ఎవరింటికి అన్నారు," అంది.

"మరి నేను మర్చిపోయానని అప్పుడే చెప్పలేదేం?"

"ఒక్కసారైతే చెప్పేదాన్ని."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వీధిలో ఎవరో సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నారు. లోపలికి వెళ్ళి ఏదో వైరు లూజైందమ్మా అంటే చాలు. అతను వెయ్యిసార్లు అన్న మాటే, ఎవరూ తిరిగి అడగని మాటే. పెన్‌డ్రైవ్ జేబులోకి పోతుంది, ఆవిడ సాయంత్రం కారెక్కుతుంది, రబ్బరు డాక్టరు రబ్బరు డాక్టరుగానే ఉంటాడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా.

కంప్యూటర్ చప్పుడు విని ఆవిడ అప్పటికే బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో సగం మడిచిన దుప్పటి ఉంది. మెకానిక్ పిడికిలి తెరిచి ఎర్ర చుక్కను చూపించాడు.

"ఇది నాదమ్మా. శనివారం నేనొచ్చాను. మర్చిపోయింది మీరు కాదు."

ఆవిడ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. అంతలోనే అతని ముఖం చూసి, తాను సంతోషించినందుకు సిగ్గుపడింది. కూర్చోండి అని కుర్చీ లాగింది. అతను కూర్చోలేదు. మీ తమ్ముడికి ఫోన్ కలపమన్నాడు. ఇందాక తాను చెప్పింది తప్పని, శనివారం తాను వచ్చిన మాట నిజమని, ఈ ఇంట్లో మతిమరుపు ఉన్నవాడు తానొక్కడేనని తమ్ముడితో చెప్పాడు. అవతలివాడు, అయితే ఆదివారం ఊరికే చూసి వెళ్తానని చెప్పండి అన్నాడు.

అప్పుడు కూర్చుని చీటీ రాశాడు. శనివారం వచ్చాను, బాగుచేశాను, చీటీ రాయలేదు. మంగళవారం నా పెన్‌డ్రైవ్ తీశాను. మెషిన్‌లో లోపం లేదు. అమ్మగారు చెప్పింది నిజం. కింద ఎప్పుడూ తన నంబరు వేసేచోట కాసేపు పెన్ను ఆపి, చౌరస్తాలో కొత్తగా కొట్టు పెట్టిన మెకానిక్ నంబరు వేశాడు. అది తన ఫోన్‌లో వెతికి, రెండుసార్లు సరిచూసి మరీ వేశాడు. చీటీని మూతలోపల, పాత వరుస చివర అంటించి, నాలుగు స్క్రూలూ బిగించాడు.

సామానంతా ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. స్క్రూడ్రైవర్‌ను మాత్రం పెన్నుల కప్పులో, దాని పొడుగుకు తగిన చోట నిలబెట్టాడు. గుమ్మం దాటుతుంటే ఆవిడ వెనకనుంచి పిలిచింది.

"మీ స్క్రూడ్రైవర్ మర్చిపోతున్నారు."

"లేదమ్మా," అన్నాడు మెకానిక్ చెప్పులు వేసుకుంటూ. "అది మర్చిపోయింది కాదు, కావాలని వదిలి వెళ్తున్నది."

మెట్లమీద అతని అడుగుల చప్పుడు ఆగిపోయాక కూడా ఆవిడ కప్పు వైపే చూస్తూ నిలబడింది. నీలంరంగు పెన్నుకూ మొనపోయిన పెన్సిలుకూ మధ్య, ఎర్ర చుక్క గది వైపుకు తిరిగి ఉంది.