నాన్న అమర్చిన బోల్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పాత రైఫిళ్ల క్లబ్బులో అందరికీ తెలుసు. తెలిసి కూడా డెస్ ట్రెవెల్లా ఏటా జరిగే పోటీ రోజున నన్ను గిల్లాడు.

"ఏవమ్మా గ్లెనిస్, ఈ ఏడు కూడా అతుకుల బొంతేనా?" అన్నాడు నా బల్ల ముందు నిలబడి, మాంసం కూరిన రొట్టె నములుతూ.

"ముందు మూతి తుడుచుకోరా" అన్నాను. ఒకే బడిలో చదివాం, వాడికి మర్యాదేమిటి?

నా బల్ల మీదున్నది మా నాన్న రైఫిల్. యుద్ధం రోజుల్లో నాన్న ఇక్కడే, ఆస్ట్రేలియాలోని మా లిత్‌గో ఊరి తుపాకుల ఫ్యాక్టరీలో బోల్టులు అమర్చేవాడు. బోల్టంటే తూటాను లోపలికి తోసి బిగించే కడ్డీ. దాన్ని ఆ ఒక్క రైఫిల్‌కే సరిపోయేలా అరగదీసి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టాలి. సైన్యం పాతవి అమ్మేసినప్పుడు నాన్న తన చేతిమీదుగా వెళ్లినదాన్ని ఏరి మరీ తెచ్చుకున్నాడు. దాని నంబరు డి6147. మా ఇంట్లో నా పుట్టినరోజు మరిచిపోయేవారు గానీ ఆ నంబరు మరిచేవారు కాదు.

ఆ బోల్టును పోగొట్టింది నేనే. మా చట్టం ప్రకారం బోల్టు ఒకచోట, రైఫిల్ ఒకచోట దాచాలి. ఇరవై ఏడేళ్ల కిందట క్లబ్బులో శుభ్రం చేసే రోజున ఆరు రైఫిళ్ల బోల్టులనూ తెచ్చి ఒకే కిరోసిన్ పళ్లెంలో వేసిన మహా తెలివైనదాన్ని. అప్పట్లో నంబర్లు ఎవడు చూశాడు? చేతికందినదాన్ని తుడుచుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇంటికెళ్లాక నాన్న చూసుకున్నాడు. వేరే నంబరు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నాన్న పోయేదాకా వెతికాను, పోయాకా వెతికాను. ఆ ఆరుగురిలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి వెళ్లిపోయిన ఒక్కడి రైఫిల్ తప్ప అన్నీ చూశాను. "ఆకురాయితో గీకేసి నీ నంబరు కొట్టుకో, గంట పని" అని డెస్ ఎన్నోసార్లు సలహా ఇచ్చాడు. నాకు మనసొప్పలేదు. పోటీలో రైఫిల్ నంబరు, బోల్టు నంబరు కలవాలి; అందుకే ఏటా బయటే ఉండిపోయేదాన్ని.

ఆ రోజు న్యాయనిర్ణేత క్లారీ బూన్. ఎనభై అయిదేళ్ల ఈ పెద్దాయన నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. డెస్ తను కొత్తగా తెచ్చిన రైఫిల్‌ని ఆయన ముందు పెట్టాడు.

"క్వీన్స్‌లాండ్‌లో కొన్నాను. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఒక్క మేకు మార్చలేదు" అన్నాడు.

క్లారీ గట్టిగా చదివాడు. "రైఫిల్ మీద డి3052. బోల్టు మీద డి3052. శభాష్!"

"ఆగు బాబాయ్!" అని అరిచి, నా బోల్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "దీని మీదేముందో చదువు."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "డి3052."

నేనేం పోగొట్టుకున్నానో అందరికీ తెలుసు గానీ, దాని బదులు నా చేతికేం వచ్చిందో ఇన్నేళ్లలో ఒక్కడూ అడగలేదు.

"ఒకే నంబరు రెండు బోల్టుల మీద కొట్టేవారా బాబాయ్?"

"మీ నాన్న ఉండగానా? చంపేసేవాడు."

"నువ్వే కొట్టుకుని ఉంటావు!" అన్నాడు డెస్.

"ఒరేయ్, కొట్టుకునేదాన్నే అయితే మా నాన్న నంబరు కొట్టుకుంటాను గానీ, నీ నంబరు నాకెందుకురా?"

జనం ఘొల్లుమన్నారు. క్లారీ భూతద్దం తీసి డెస్ బోల్టును చాలాసేపు చూశాడు. "ఇక్కడ గీకిన గుంట ఉంది. కొత్త అంకెల కింద పాతవి పూర్తిగా చావలేదు. మొదట ఆరు. చివర ఏడు."

"నంబరు కలవలేదు, అందుకే..." డెస్ నసిగాడు. "అది మీదని నాకు తెలీదు, ఒట్టు!"

"మా నాన్న చేత్తో కొట్టిన అంకెలురా అవి!" కోపం, ఏడుపు, సంతోషం అన్నీ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇన్నేళ్లూ నా దగ్గరున్న వాడి రైఫిల్ బోల్టు వాడి మొహాన పారేసినంత పని చేసి, వాడు గీకేసిన నాదాన్ని లాక్కున్నాను. నాన్న రైఫిల్‌లోకి తోసి పిడి కిందికి వంచాను. ఎక్కడా పట్టకుండా, వదులు లేకుండా మూసుకుంది.

క్లారీ ఒకసారి తెరిచి మూసి చూశాడు. "మీ నాన్న బిగింపే" అన్నాడు. "కానీ అమ్మాయ్, నంబరు కలవనిదే పోటీకి ఒప్పుకోరు."

"నేనే బాగుచేయిస్తాను. పాత నంబరే మళ్లీ కొట్టిస్తాను" అన్నాడు డెస్.

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతాను."

"మరి రైఫిల్ పక్కన పెట్టే కార్డు మీద ఏం రాయమంటావు?" అని క్లారీ కలం తీశాడు.

"ఉన్నదున్నట్టు రాయి బాబాయ్. బోల్టు మా నాన్నది, నంబరు డెస్‌ది."