పులి వంశం నెత్తురు

ఈశ్వరమ్మను డోలీలో మోసుకొచ్చేసరికి కప్పిన దుప్పటి నెత్తుటితో తడిసి ముద్దయింది. కడుపులో బిడ్డ దారికి మాయ అడ్డం పడింది. కోసి బిడ్డను తీయకపోతే ఇద్దరూ పోతారు. నెత్తురెక్కించకుండా కోస్తే ఆమె బల్ల మీదే పోతుంది. డెబ్భైల్లో, లోయలోని మా చిన్న ఆసుపత్రిలో నెత్తురు నిల్వ ఎక్కడిది? పైగా వానకి ఘాట్ రోడ్డు తెగింది.

డాక్టర్ సర్వేశ్వరరావుగారు చేతులు కడుక్కుంటుంటే, నర్సుని నేను, వచ్చినవాళ్ళందరి వేళ్ళూ పొడిచి గాజు పలక మీద చుక్కలు చూశాను. సరిపడింది ఒక్క ఆమె మొగుడు గాసి నెత్తురే.

గాసి వెంటనే చొక్కా చెయ్యి మడిచాడు. వాళ్ళ పెద్దయ్య పోతురాజు గుమ్మానికి కర్ర అడ్డం పెట్టాడు.

"మనది పులి వంశం. అది గద్ద వంశం. అందుకే పెళ్ళి సేసినాం. నీ నెత్తురెక్కితే అదీ పులే, నీకు సెల్లెలైపోద్ది. మరి కాపరం సెయ్యకూడదు. దాని తమ్ముడు టైడాలో ఉన్నాడు, కబురెట్టండి."

అలాంటి కట్టుబాటు ఎక్కడా లేదు. ముసలాయన అప్పటికప్పుడు పుట్టించాడు. నాకు ఒళ్ళు మండింది. తమ్ముడొచ్చేసరికి పీనుగే మిగులుతుందని అరిచాను.

గాసి కర్రను పక్కకి నెట్టాడు. "సచ్చిన పెళ్ళాం కంటే బతికిన సెల్లెలు మేలు పెద్దయ్యా. సిస్టరమ్మా, బేగి తియ్యమ్మా!"

తీశాను. ఆపరేషన్ గదిలో బిడ్డ బయటపడ్డాక కూడా ఈశ్వరమ్మకి నెత్తురు ఆగలేదు. నాడి నా వేళ్ళకి అందకుండా పోయింది. డాక్టరుగారు గర్భసంచిని రెండు చేతులా అదిమిపట్టి, "సత్యకుమారీ, సీసా!" అన్నారు. వెచ్చగా ఉన్న ఆ సీసాను ఎత్తిపట్టుకుని నేను దేవుణ్ణి బతిమాలలేదు. ఈశ్వరమ్మనే తిట్టాను. "పోతావేంటే? పోనిస్తాననుకున్నావా?" సీసా సగమయ్యాక నాడి మళ్ళీ దొరికింది.

ఆమె తేరుకున్నాక పోతురాజు వచ్చాడు. ఆడపిల్లను ఎత్తుకుని, "మా పులికూన" అని మురిసిపోయాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, ఈశ్వరమ్మ ఇంక పుట్టింటికి పోవాల్సిందేనన్నాడు.

గాసి కోపంగా లేచాడు. ఈశ్వరమ్మ అతన్ని ఆపి, కుట్లు అదిమిపట్టుకుని తనే లేచి కూర్చుంది.

"మావా, తొమ్మిది నెలలు నా గద్ద నెత్తురు తాగింది ఈ గుంట. అయినా పులే అంతన్నావు. ఒక్క సీసా తాగిన నాను గద్దని కాకుండా ఎలాగ పోతాను?"

ముసలాయన చేతిలోని పిల్ల మొహంలోకి చూశాడు.

"సెప్పు మావా. ఇది పులైతే నాను గద్దనే, నీ కోడల్నే. కాదు, నాను పులినంతావా? అయితే ఇది గద్ద. ఇలాగియ్యి, మా వోళ్ళింటికి అట్టుకుపోతాను."

పోతురాజు పిల్లను ఇవ్వలేదు. గుండెకి ఇంకాస్త హత్తుకుని, గుమ్మం వైపు తిరిగి కేకేశాడు.

"కోడలికి అంబలి తెండిరా!"