ఊదితే ఉబ్బేది

తీతు బెల్టు చివర ఇంకో బెజ్జం పొడుస్తున్నాడు. కాల్చిన మేకు తోలులో దిగుతుంటే సన్నగా పొగ లేచింది. ముఖం, చేతులు చిక్కిపోయాయి. బొడ్డు కింద కడుపు మాత్రం బోర్లించిన సత్తుగిన్నెలా గట్టిగా, నున్నగా ఉంది. చెప్పుల వార్లు పాదాల్లోకి దిగిపోయాయి.

సూసన్న రొట్టెలు డబ్బాలో సర్దుతూ ఆ పాదాల కేసి చూసింది.

"ఎక్కిళ్ళు తగ్గినాయా?"

"తగ్గినాయి," అన్నాడు భర్త, ఎక్కిలి మింగుతూ.

"ఈయేలైనా ఆస్పిటల్‌కి ఎల్దాం."

"ఎల్తే క్రేన్ మీంచి దించేస్తారే."

"దించితే ఏటి? కింద మనుసులు బతకట్లేదా?"

తీతు బెల్టు పెట్టుకుని బయల్దేరాడు.

బెంగాలీల ఊళ్ళో రైల్వే కార్ఖానా, దాని బాయిలర్ షాపులో పై క్రేన్ అతనిది. రైలింజన్ల బాయిలర్లను గొలుసులతో ఎత్తి షాపు ఆ కొసకు చేర్చాలి. డ్రైవరు కూర్చునే గది కప్పు కింద వేలాడుతుంది. దానికి నిట్టనిలువు ఇనుప నిచ్చెన. డ్రైవరు మధ్యలో దిగితే కింద అందరి పనీ ఆగిపోతుంది. అందుకని క్రేన్ డ్రైవర్లు నీళ్ళు తక్కువ తాగుతారు, ఉచ్చ ఆపుకుంటారు. తీతు కుర్రతనంలోనే ఆ విద్య నేర్చాడు. మొదట్లో పళ్ళు బిగపట్టి ఆపుకునేవాడు. కొన్నేళ్ళుగా ఆపుకోవలసిన అవసరమే లేకపోయింది. పొద్దస్తమానం రానే రాదు, వచ్చినా నాలుగు చుక్కలు. నొప్పి లేదు. ఒళ్ళు దారికొచ్చిందనుకున్నాడు. లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. పైన అతన్ని ఎవరూ పిలవరు, ఎవరూ తిట్టరు. తన సొంతమనిపించిన చోటు అతనికి అదొక్కటే.

నిచ్చెన దగ్గర నూకరాజు మట్టి ముంతలో టీ తాగుతున్నాడు. బాయిలర్లకు గొలుసులు తగిలించేది అతనే.

"ఏటి మావా, కడుపా, ఇంజినెనక నీళ్ళ టెండరా? టెండరైనా ఖాళీ అవుతాది గదా!"

"నోరు మూసుకుని గొలుసు తగిలించెహె," అన్నాడు తీతు. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు.

కింద సుత్తుల మోత దూరంగా, దూదిలోంచి వచ్చినట్టు వినిపించింది. నోట్లో ఇనుము చప్పరించినట్టుంది. నూకరాజు చెయ్యి ఊపితే ఎత్తాడు, అరచెయ్యి చూపిస్తే ఆపాడు. ఎండ కప్పు అద్దాల మీదికి వచ్చింది. కళ్ళు ఎప్పుడు మూతపడ్డాయో తెలియలేదు. ఎవరో కేక వేశారు. కళ్ళు తెరిచేసరికి బాయిలర్ పక్కకు ఊగుతోంది. నూకరాజు గోడకు అతుక్కుని నిలబడ్డాడు. గొలుసు అతని భుజం పక్కనే గోడ మీద కొట్టుకుని ఇటుకపొడి రాల్చింది.

తీతు బాయిలర్‌ను నెమ్మదిగా నేలకు దించాడు. కరెంటు ఆపి, నిచ్చెన దిగాడు.

"తగల్లేదు మావా," అన్నాడు నూకరాజు. "నానెవులికీ సెప్పను."

"నాను సెప్తాను," అన్నాడు తీతు. "వెంకటరావుని ఎక్కమను. నాను ఆస్పిటల్‌కి ఎల్తన్నాను."

వెంకటరావు పక్క షాపులో క్రేన్ డ్రైవరు. ఈ క్రేన్ కోసం చాన్నాళ్ళుగా అడుగుతున్నాడు.

ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరు కడుపు నొక్కి చూసి, ఉచ్చకి గొట్టం వేయించాడు. మంచం కింద సీసా నిండింది. నర్సు ఆలిస్ మార్చింది, మళ్ళీ నిండింది. కడుపు కొద్దికొద్దిగా దిగింది. కబురందుకుని వచ్చిన సూసన్న గోడ వారగా నిలబడి చూసింది.

"బ్లాడర్‌లో ఇన్నాళ్ళూ నిలవుండిపోనాది మావయ్యా," అంది ఆలిస్.

"బ్లాడరంటే బంతిలో ఉంటాది, అదేనా?"

"ఆ మాటే. ఊదితే ఉబ్బేదని దాని పాత అర్థమంట. డాక్టరుగారు సెప్పినారు. ఇంగిలీసోళ్ళు ఒకప్పుడు పంది ఉచ్చతిత్తిని ఊదుకుని బంతాడీవోరంట."

"ఆళ్ళేటి, మావూ ఆడినాం. క్రిస్మస్‌కి పందిని కోస్తే తిత్తి పిల్లలకే. ఊదినోడి నోరు కొత్త సంవత్సరం దాకా కంపే." సగం దిగిన కడుపు తడుముకుని, "మరి నన్నెవుడూదినాడమ్మా?" అన్నాడు.

ఆలిస్ నవ్వింది. సూసన్న నవ్వలేదు.

"దాదా, మళ్ళీ క్రేన్ ఎప్పుడెక్కొచ్చు?" అని సీసా చూడటానికి వచ్చిన డాక్టరును తీతు బెంగాలీలో అడిగాడు. డాక్టరు ఆలిస్ వైపు తిరిగి, మూత్రపిండాలు ఎప్పుడో పాడైపోయాయని అదే భాషలో మెల్లగా అన్నాడు. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్న తీతుకి ఆ మాటలు అర్థం కాకుండా పోలేదు.

"ఠీక్ ఆఛే," అన్నాడు.

డాక్టరు వెళ్ళాక భార్యను దగ్గరకు పిలిచాడు. "గొలుసు గోడకే తగిలినాదే. నూకరాజుకి తగల్లేదు."

"తగల్లేదులే. పడుకో."

సాయంత్రం ఆమె గంజి కాచి తెచ్చేసరికి సీసాలో చుక్కలు పడటం ఆగిపోయింది. ముందు గొట్టం మడత పడిందేమోనని వంగి, వేలితో సరిచేసి చూసింది. తర్వాతే అతని ముఖం చూసింది. గంజి గిన్నె కింద పెట్టడానికి చోటు కోసం కాసేపు వెతికింది.

భూస్థాపన అయ్యాక వెంకటరావు ఆ క్రేన్ ఎక్కాడు. ఇనుప సీటు మీద పాత దుప్పటి ముక్కలతో కుట్టిన మెత్త ఉంది. మధ్యలో లోతుగా, నల్లగా గుంట. ఇంకొకడి గుంటలో కూర్చోవడానికి మనసొప్పక దాన్ని తిరగేశాడు. రెండో వైపూ అదే గుంట.