చీపురుపుల్లల సహకారం

నోయిడాలోని ఆ స్కూల్లో శనివారం అంటే పిల్లలకు సెలవు, టీచర్లకు సహకారం. రెండువేల ఆరులో ప్రిన్సిపాల్ చోప్రా మేడమ్ ఏదో సెమినార్‌కి వెళ్ళి, అక్కడి సమోసాలతోపాటు ఈ మాటని కూడా అరిగించుకుని వచ్చింది. అప్పట్నుంచి ప్రతి శనివారం కుర్చీలు గుండ్రంగా వేయడం, మధ్యలో భరద్వాజ్ అనే కన్సల్టెంటు టై సవరించుకుంటూ "షేర్ కీజియే, ఖుల్‌కే షేర్ కీజియే" అనడం.

ఎవరు షేర్ చేస్తారు? అదే స్కూల్లో పిల్లల మార్కుల్ని బట్టి టీచర్లకి ర్యాంకులు వేసి నోటీసు బోర్డుకి అంటిస్తారు. తన కిటుకు పక్కవాళ్ళకి చెబితే తన ర్యాంకు కిందికి జారుతుందని ప్యూనుక్కూడా తెలుసు. అందుకని టీచర్లు పనికిరాని వాటిని ఏరి, రంగురంగుల చార్టుల మీద రాసి, లామినేషన్ చేయించి మరీ పంచుకునేవారు. భరద్వాజ్ వాటికి ఫొటోలు తీసుకునేవాడు.

లీలావతి ఆ ఏడే చేరింది. గుడివాడ పిల్ల, లెక్కల్లో ఎమ్మెస్సీ, చేతికొచ్చింది నాలుగో తరగతి బి సెక్షను. ఐదువందల్లోంచి రెండువందల అరవైమూడు తియ్యమంటే ఆ సెక్షను మొత్తం మూడువందల అరవైమూడని రాసేది. సున్నాలోంచి మూడు పోదు కాబట్టి మూడులోంచి సున్నా తీసేశారు, అంతే. డిసెంబరు టెస్టులో సగం మందైనా గట్టెక్కకపోతే జనవరి నుంచి రానక్కర్లేదని చోప్రా మేడమ్ నవ్వుతూనే చెప్పింది.

గోడకి అవతలున్న ఏ సెక్షను వీణది. వీణ వరంగల్ మనిషి. ఆమె పిల్లలు అదే లెక్కని నిద్రలో కూడా సరిగ్గా చేసేవారు. లీలావతి సిగ్గు విడిచి సర్కిల్లో అడిగింది. వీణ తియ్యగా నవ్వి ఒక చార్టు ఇచ్చింది. అందులో సున్నా పక్కింటి ఆంటీ దగ్గరికి గిన్నె పట్టుకుని చక్కెర అప్పుకి వెళుతుంది. భరద్వాజ్ చప్పట్లు కొట్టాడు.

సోమవారం ఆ చార్టు చూసి బి సెక్షనులో ఒక పిల్ల లేచింది. "మేడమ్, వాపస్ కబ్ కరేంగే?" అప్పు తీర్చొద్దా మరి? మర్యాదస్తుల పిల్లలు, సగం మంది చివర్లో ఒకటి తిరిగి కలిపేశారు.

పరస్పర పరిశీలన అని ఇంకో తంతు ఉండేది. లీలావతి వీణ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది. వీణ ఆ రోజు తీసివేత పక్కనపెట్టి గుణకారం చెప్పింది.

అప్పుడు తట్టింది లీలావతికి. దీపావళికి ఇదే వీణ సకినాల కొలతలు రాసిచ్చింది. వాము ఇంత, నువ్వులు ఇంత, అంతా ముత్యాల్లాంటి అక్షరాలే. చుడుతుంటే ప్రతి చుట్టూ తునాతునకలైంది. మొగుడు రామమోహనరావు ఆ ముక్కల్ని స్పూనుతో తిని, పైకి బాగున్నాయనే అన్నాడు. ఆడవాళ్ళ వంటల్లో ఒకటి దాచడం లీలావతికి కొత్త కాదు. దాచడానికి కన్సల్టెంటుని పెట్టడమే కొత్త.

లీలావతి వాళ్ళ కింది ఫ్లాట్లో మల్లేశంగారి అమ్మాయి ఇషిత ఉంది. సాక్షాత్తూ వీణ సెక్షను. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ఆదివారం లీలావతి పకోడీలు వేసి పిలిచింది.

"నువ్వు టీచరువట. నేను బి సెక్షను మొద్దుపిల్లనట. ఐదువందల్లోంచి తీసివేత చెప్పవే!"

"ఆంటీ, పహలే ఝాడూ లావో," అంది ఇషిత గంభీరంగా.

చీపురుపుల్లలు తుంచారు. పదికి ఒక రబ్బరుబ్యాండు, పది చిన్న కట్టలకి ఒక పెద్ద బ్యాండు, అలాంటి పెద్ద కట్టలు ఐదు. "మూడు పుల్లలు దో," అంది టీచరు. లీలావతి కట్టలోంచి లాగబోతే చేతి మీద ఒక్కటి తగిలింది.

"ఐసే నహీ! ఖోలో. రబ్బర్ చేతికి పెట్టుకో. పెట్టుకుంటే కాపీలో పైన అంకె కాటో. ఫిర్ దూస్‌రా ఖోలో."

పెద్ద కట్ట విప్పింది, బ్యాండు మణికట్టుకి వేసుకుంది, నోటుపుస్తకంలో ఐదు కొట్టేసి నాలుగు రాసింది. చిన్న కట్ట విప్పింది, ఇంకో బ్యాండు, పది కొట్టేసి తొమ్మిది. అప్పులేదు, ఆంటీ లేదు, చక్కెర లేదు. రెండువందల ముప్ఫైఏడు. ఎమ్మెస్సీ చదివిన లీలావతి చేతికున్న రెండు బ్యాండ్లనీ కాసేపు అలాగే చూసుకుంది.

డిసెంబరుకి బి సెక్షను పిల్లలందరి చేతులకీ రబ్బరుబ్యాండ్లే. ముప్ఫైఎనిమిది మందిలో ఇరవైతొమ్మిది మంది గట్టెక్కారు. లీలావతి ఉద్యోగమూ గట్టెక్కింది. ఇది సహకార వలయం సాధించిన విజయమని చోప్రా మేడమ్ సర్క్యులర్ తీసింది.

ఆ శనివారం లీలావతి పుల్లలూ బ్యాండ్లూ బల్ల మీద పరిచి, ఒక్కటీ దాచకుండా అందరికీ చూపించింది. ఫారంలో 'నేర్పిన సహోద్యోగి' అనే గడిలో ఇషిత అని రాసింది.

"ఇషితా మేడమ్ కౌన్ హై? ప్లీజ్, స్టాండప్! బిగ్ క్లాప్!" అన్నాడు భరద్వాజ్. అందరూ కొట్టారు. ఎవరూ నిలబడకపోయినా కొట్టారు. సెలవులో ఉందేమోనని సర్టిఫికెట్టు కూడా రాసేశాడు, ఉత్తమ సహకార ఉపాధ్యాయిని అని.

వీణ మాత్రం కొట్టలేదు. టీ దగ్గర పక్కకొచ్చి నిలబడింది.

"పిల్లనడిగి తెలుసుకున్నవా? నన్నడుగుతే నేను చెప్పనా ఏంది?"

"అడిగానండీ. చార్టు ఇచ్చారు. సకినాలకీ అంతే కదా!"

వీణ బిస్కెట్టు టీలో ముంచింది. అది విరిగి కప్పులో పడింది. దాన్నే చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"బియ్యం రాత్రంత నానవెయ్యాలె. తడి మీదనే పట్టియ్యాలె. పొడిపిండితోని చేస్తే ఇరుగుతయి."

జనవరి ఫారంలో 'ఈ నెల సహోద్యోగి నుంచి నేర్చుకున్నది' అన్న గడి వచ్చింది. లీలావతి నిజాయితీగా రాసింది: బియ్యం రాత్రంతా నానబెట్టాలి, తడిమీదే పట్టించాలి. నేర్పినవారు, వీణ.

వారానికి ఫారం తిరిగొచ్చింది. పక్కన ఎర్ర సిరాతో టిక్కు, కింద భరద్వాజ్ సంతకం. 'చాలా మంచి పద్ధతి. ఐదో తరగతిలో కూడా అమలు చేయవలెను.'