జానెడు మీద నాలుగు వేళ్ళు

రోజూ ఏడు బిందెలు. వెనకవైపు బావి నుంచి వాకిలి దాటి, ముందరి కచేరీ గది పక్కనున్న పాయఖాన దాకా. నాలుగు నేను మోస్తే మూడు మా ఇంట్లో పనిచేసే జంగమ్మ మోసేది. మేమిద్దరం అందులో ఒక్కనాడూ కూర్చోలేదు. ఇబ్రహీంపట్నానికి గస్తీ వచ్చే అధికారుల కోసం మా మామ కట్టించాడు దాన్ని. వాళ్ళు లేనినాడు మా ఆయన అమరేందర్ రెడ్డి వాడుకునేవాడు. ఆడవాళ్ళకు చెరువు కట్ట కింది తుమ్మపొదలున్నాయి, అవీ తెల్లవారకముందే. పొద్దు పొడిచిందంటే మళ్ళీ చీకటి పడేదాకా బిగబట్టుకోవాల్సిందే.

అందుకే నేను పగలు నీళ్ళు తాగేదాన్ని కాదు. నాలుగు బిందెలు నెత్తిన మోసి, నాలుక తడుపుకోవడానికి పుక్కిట పట్టి ఉమ్మేసేదాన్ని. కడుపుతో ఉన్న ఆరో నెలలో మూత్రంలో మంట, చలిజ్వరం పట్టుకుంటే హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ ఉర్దూలో కసిరింది. సగమే అర్థమైనా చాలినంత అర్థమైంది. నీళ్ళు తాగాలి, ఆపుకోకూడదు, ఇట్లాగే ఉంటే బిడ్డ దక్కదు. తిరిగి వచ్చేటప్పుడు బాలాపూర్ దగ్గర బండి ఆపి ఎడ్లకు నీళ్ళు పెట్టిస్తూ మా ఆయన నవ్వాడు. "నీళ్ళు తాగుమని చెప్పేటందుకు గింత దూరం రావాల్నా? మనింట్ల బాయి లేదా?" ఎడ్లు కడుపునిండా తాగుతున్నాయి. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే అడిగాను. ఇంటికెవరూ రానప్పుడు ముందరి పాయఖాన నేను వాడుకుంటానని. మా అత్త చేటలో బియ్యం చెరగడం ఆపింది. "మగోళ్ళు కూసునే కాడ కూసుంటవా? ఎల్లుండి కచేరీల గద్దె మీద గూడ కూసుంటవు." మా ఆయన తల కూడా ఎత్తలేదు. "అమ్మ చెప్పింది ఇనవడలేదా?" అన్నాడు. వినబడింది. నాకు అన్నీ వినబడతాయి, నేనన్నదే ఆ ఇంట్లో ఎవరికీ వినబడదు.

మరుసటి వారం పోలీసు అమీన్ సాబ్ వచ్చి ఒక పూట ఉండిపోయాడు. ఆయన వెళ్ళాక చూస్తే పాయఖానలోని పింగాణీ కుర్చీ అడుగుదాకా పగిలి ఉంది. దాని రెండంచుల మీద బూటు మేకుల గీతలు. కుర్చీ మీద కూర్చోవడం చేతకాక, పొలంలో కూర్చున్నట్టు పైకెక్కి కూర్చున్నాడన్నమాట. రోజూ కడిగేదాన్ని గనుక ఆ గీతలు నాకు కనబడ్డాయి. మా ఆయనకు మాత్రం ఇంకోటి కనబడింది. "కాగే నీళ్ళు పోసిన్రు ఆడోళ్ళు, అందుకే పలిగింది." నేను గీతలు చూపించాను. "నోర్ముయ్యి! అమీన్ సాబ్ చెవులవడితే?" అన్నాడు. పగలగొట్టినవాడి పేరు దాచడం మర్యాద, తప్పును పగలగొట్టనివాళ్ళ మీద రుద్దడం సంసారం.

పది రోజుల్లో అమీన్ కంటే పెద్ద అధికారి తాలూక్‌దార్ మా ఇంట్లో దిగుతాడని కబురొచ్చింది. మేస్త్రి సాయన్న వచ్చి పగిలిన కుర్చీ పెకిలించాడు. కింద నేలలో మట్టిగొట్టం మూతి బయటపడింది. "అసుంటిదే దొరకకపోవచ్చు దొరా. గోడకెల్లి గొట్టం నడిమి దాకా ఎంతుందో కొలిచి తీస్కపోండ్రి. గోడ ఎనక్కి జరగదు, గొట్టం ముంగటికి రాదు" అన్నాడు.

"నువ్వే గదా రోజు కడిగేది, నువ్వే కొలువు" అన్నాడు మా ఆయన నాతో. ఆరు నెలల కడుపుతో మోకాళ్ళ మీద వంగి, గోడ నుంచి దారం పట్టి, గొట్టం నడిమికి సరిగ్గా ముడి వేశాను. ఆ దారం ఇస్తే ఆయన తీసుకోలేదు. "దుకాణంల గీ దారం ముక్క పట్టుకొని నిలవడాల్నా? నోటితోని చెప్పు."

"నా జానతోని జానెడు, మీద నాలుగు వేళ్ళు."

దారాన్ని గూట్లో దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు.

మూడో నాడు గడ్డిలో చుట్టిన కొత్త కుర్చీ బండి దిగింది, పాలలాగా తెల్లగా. సాయన్న దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి కిందికి తొంగిచూశాడు. కుర్చీ కింది తూము గొట్టాన్ని దాటి రెండు వేళ్ళు ముందుకు పడింది. వెనక్కి నెడదామంటే వెనక గోడ.

"ఏం కొలిచినవే నువ్వు?" మా ఆయన నా మీద లేచాడు. "అన్నంల ఎసరు కొలువనీకె రాదు, ఇగ ఇది కొలుస్తదా?" అత్త అందుకుంది.

సాయన్న చేతులు దులుపుకున్నాడు. "దుకాణంల మీరెట్ల కొలిచిన్రు దొరా?"

"గిట్ల." మా ఆయన తన అరచెయ్యి చాపి చూపించాడు. "జానెడు. నాలుగు వేళ్ళు."

సాయన్న ఆ చేతిని చూశాడు. కొంగు పట్టుకున్న నా చేతిని చూశాడు. కింద లేని తాపీ కోసం వెతకడం మొదలుపెట్టాడు. నేను గూట్లోంచి దారం తెచ్చి గోడ నుంచి పరిచాను. ముడి గొట్టం నడిమధ్య పడింది.

"ఆడదాని జాన గూడ ఒక జానేనా?" అన్నాడు మా ఆయన. "చెప్పేటప్పుడే మగోని జాన లెక్క చెప్పాలె. మళ్ళ కొలువు."

ఈ చెయ్యి నీళ్ళు మోస్తుంది, మలం కడుగుతుంది, వండి వడ్డిస్తుంది. కొలతకొచ్చేసరికి అది చెయ్యే కాదు.

"నేను కొలువ. మీ జాన మీ దగ్గరనే ఉంది. వంగి కొలుసుకోండ్రి."

ఆయన గొట్టం మూతిని చూశాడు, తన తెల్ల ధోవతిని చూశాడు, సాయన్నను చూశాడు. వంగలేదు. "ఆ దారమన్న ఇటు తే" అని చెయ్యి చాపాడు. నేను దారాన్ని గొట్టంలో జారవిడిచి చెంబెడు నీళ్ళు పోశాను. గుటుక్కుమని మింగేసింది. గొట్టంలో ఏ అడ్డూ లేదు.

"దీనికి పోయే కాలమొచ్చింది" అంటూ ఆయన బండి కట్టించుకొని వెళ్ళిపోయాడు, తాలూక్‌దార్‌ను ఇంకెవరింట్లోనైనా దింపే ఏర్పాటు చూడటానికి.

"కుర్చీ ఏం జేద్దాం దొరసానీ?" అన్నాడు సాయన్న.

"కొట్టంల పెట్టు. గొట్టానికి అటొక రాయి, ఇటొక రాయి నాటు. లోపల గొళ్ళెం బిగించు."

"రాళ్ళ నడుమ ఎడం ఎంత?"

నేను నిలబడి పాదాలు పెట్టి చూపించాను. "గింత. నా కాళ్ళకు."

"దొర అడుగుతే?"

"దొరసాని చెప్పిందను. నా పేరు మాణిక్యమ్మ, అది గూడ చెప్పు."

జంగమ్మ బిందె దించి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను గూడ రావచ్చునా దొరసానీ?"

"అండ్ల మూడు బిందెలు నీవే గదా."

"నా కొడుకును రానియ్యి!" అత్త అరుస్తూనే ఉంది.

మరునాడు నడిపొద్దున, రాళ్ళు నాటి గొళ్ళెం బిగించడం అయ్యాక, కొడుకు వచ్చాడు. అప్పటికే అత్త అంతా చెప్పేసింది. ఆయన పీట మీద కూర్చుని, మూతి బిగించి, నేను భయపడటం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయనకు వడ్డించి, కుండలోంచి చెంబు నిండా ముంచుకున్నాను. ఆయన ఎదుటనే నిలబడి, గుక్క తిప్పుకోకుండా, గొంతు చప్పుడు ఆయనకు వినబడేలా తాగాను. చెంబు ఖాళీ అయింది. రెండోసారి ముంచుకున్నాను.